అత్తమ్మ విన్న ఇల్లు

మా పాత ఇంట్లో మధ్యాహ్నం నిద్ర ఎలా పట్టేదో చెప్పాలంటే ముందు చప్పుళ్ళ గురించి చెప్పాలి. గూనపెంకల మీద పిచ్చుకలు గీరుకునేవి. ముందటి వసారాలో, మా మాటలో సాయబాన్‌లో ఎవరో పక్కకు ఒత్తిగిలితే నులక మంచం మూలిగేది. వంటింటి మూల నీళ్ళ గోలెం అంచు నుంచి నీటిచుక్క ఒకటి జారి కింద చెంబులో పడేది, మరిచిపోయేంత సేపటికి ఇంకొకటి పడేది. ఇవన్నీ ఒకటొకటిగా దూరం జరిగి, చివరికి ఇసుర్రాయి చప్పుడు ఒక్కటే మిగిలేది. అదీ ఆగిపోయిందంటే నేను నిద్రపోయానని అర్థం. ఆ ఇల్లు కూల్చి చాలా కాలమైంది. ఇప్పటికీ కునుకు రాని మధ్యాహ్నాల్లో నేను అక్కడికే పోయి పడుకుంటాను.

మా ఊరు జనగామ నుంచి నర్మెట్ట పోయే దారిలో, రోడ్డు దిగి కొంత లోపలికి నడిస్తే వస్తుంది. ఇసుర్రాయి తిప్పేది మా అత్తమ్మ, అంటే మా బాపుకు అక్క. చిన్నప్పుడే అమ్మవారు పోసి ఆమెకు రెండు కళ్ళూ పోయాయి. పెళ్ళి చేయలేదు. వాళ్ళమ్మ బాపును కని కొన్నాళ్ళకే పోతే, ఆ పసివాణ్ణి చంకన వేసుకుని పెంచింది ఆమే. కళ్ళు లేని పిల్ల పిల్లవాణ్ణి ఎట్లా సాకిందని ఊళ్ళో ముసలివాళ్ళు ఇంకా వింతగా చెప్పుకునేవారు. ఆమెకు మాత్రం అదేమంత పెద్ద సంగతి కాదు.

“పాకుడు నేర్సినంక కాళ్ళకు గజ్జెలు కట్టిన బిడ్డా. ఎటు పోతె అటు గల్లుమనేటోడు. కండ్లున్నోళ్ళ పోరగాండ్లు బాయిల పడ్డరు గని నా తమ్ముడు పడలే” అనేది.

బడికి పోయే వయసొచ్చినా ఆ గజ్జెలు విప్పలేదట. తోటి పిల్లలు ఏడిపిస్తే బాపు ఒకరోజు వాటిని విప్పి గడ్డివాములో దాచేసి, సాయంత్రం అక్క గొంతు బొంగురుపోయేదాకా పిలుస్తుంటే భయపడి తానే వెతికి మళ్ళీ కట్టుకున్నాడట. ఈ కథ చెప్పినప్పుడల్లా బాపు అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేవాడు. అంత మీసాలున్న మనిషికి గజ్జెల కథ నలుగురిలో చెబితే సిగ్గే కదా.

గజ్జెలు పోయాక కిర్రుచెప్పులు వచ్చాయి. తోలు పొరల మధ్య ఏదో పెట్టి, అడుగు వేస్తే కిర్రుమనేలా కుట్టేవారు వాటిని. ఆ రోజుల్లో మా దిక్కు కాస్త భూమి ఉన్న మగవాళ్ళందరికీ అదొక దర్జా. బాపుకు దర్జాతోపాటు ఇంకో లెక్క కూడా ఉండేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పొద్దుగూకే వేళకు ఆయన పొలం నుంచి వస్తూ సందు మలుపు తిరగగానే అత్తమ్మ చేయి ఇసుర్రాయి మీద ఆగేది. ఆ కిర్రు కిర్రు వాకిట్లోకి వచ్చి, సాయబాన్ మెట్టు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు దాకా వినేది.

“తమ్మీ, అచ్చినవా?”

“అచ్చిన్నే అక్కా.”

అప్పుడు లేచి చేతులు కడుక్కుని అన్నానికి కూర్చునేది. తమ్ముడు ఇల్లు చేరకుండా ఆమె ముద్ద ముట్టేది కాదు. ఆయన భూమి కాగితాల పని మీద జనగామ కచేరీకి పోయి బాగా పొద్దుపోయి వచ్చినా అంతే. “జొన్నరొట్టె సల్లారిపోతంది వదినె” అని అమ్మ గొణిగేది. “సల్లారనియ్యి” అనేది అత్తమ్మ. అంతటితో ఆ మాట అయిపోయేది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు, బడులు మూతపడ్డాయి. పెద్దవాళ్ళు పరేషాన్ అవుతుంటే నాకు మాత్రం పండగలా ఉండేది. ఎప్పుడు తెరుస్తారో తెలియని ఆ సెలవుల్లో అత్తమ్మే నా బడి. నా కళ్ళకు ఆమె కొంగు గట్టిగా కట్టి, “ఇగ ఇల్లంత తిరుగు” అనేది. గుమ్మం దగ్గర చిటికె వేయాలి, ఇల్లు ఏమంటుందో వినాలి, అప్పుడు అడుగు వేయాలి. ఆమె నడక అదే. ఆమె ఇంట్లో తిరుగుతుంటే చిటికెలు టిక్కు టిక్కుమంటూ ముందు నడిచేవి, ఆమె వాటి వెనక.

మొదట నాకేమీ వినబడలేదు, మోకాళ్ళు కొట్టుకుపోయాయి. తర్వాత మెల్లగా ఇల్లు మాట్లాడింది. పెద్దర్రలో, అంటే పెద్ద గదిలో, చిటికె పొట్టిగా తెగిపోయేది, గుమ్మి నిండా వడ్లుంటే ఇంకా పొట్టిగా. వంటింట్లో కుండల దొంతులు ఎవరో నోరు మూసుకుని పాడినట్టు సన్నగా హుమ్మనేవి. సాయబాన్‌లో చిటికె అసలు తిరిగి వచ్చేదే కాదు, వాకిట్లోకి పారిపోయేది. ఎండ మగతలో కళ్ళకు కొంగు కట్టుకుని తిరుగుతుంటే, నడుస్తున్నది నేనో, నా చుట్టూ ఇల్లే జరుగుతోందో తెలిసేది కాదు.

ఆ రోజుల్లోనే పెద్దరోడ్డు మీది ఊరేగింపులు మా పొలాల మీదుగా గాలివాటుకు వినబడేవి. “ముందటోడు ఒక్కడంటండు, ఎనకోళ్ళు అందుకుంటండ్రు. పడుచు పోరడే, గొంతు ఇంక ముదురలే” అని అత్తమ్మ చెప్పేది. ఒకరోజు మాత్రం నినాదం లేకుండా వచ్చారు. అడుగుల చప్పుడు ఒక్కటే, మట్టిరోడ్డు మీద చాలా సేపు. అత్తమ్మ ఇసుర్రాయి వదిలేసింది. “ఎవలో పోయిండ్రు బిడ్డా” అంది. బాపు సాయంత్రం వచ్చి అదే చెప్పాడు.

బడులు తెరిచాక పెద్ద చదువుకని నన్ను మానుకోటలో మామ ఇంట్లో పెట్టారు. మహబూబాబాద్ అని బోర్డు మీద ఉండేది, నోట్లో మాత్రం ఎవరికైనా మానుకోటే. మామ ఇల్లు రైలు పట్టాల పక్కనే. గూడ్సు డబ్బాలు ఒకదానికొకటి తగులుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా గడగడమనేవి, ఆ తర్వాత ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టుండేది. సెలవులకు ఇంటికి పోగానే అత్తమ్మ నా ముఖం తడిమి, “ఏవి మానుకోట చప్పుళ్ళు?” అనేది. నేను స్టేషన్లో చాయ్ అమ్మేవాడి కేక వేసేదాన్ని, మసీదు అజాన్, ఆదివారం చర్చి గంట, మామ దగ్గు, అత్త విసుగు అన్నీ చేసి చూపేదాన్ని. ఆమె పడీపడీ నవ్వేది. అలా ఆమె కోసం ఏరుకుంటూ ఏరుకుంటూనే నాకు చప్పుళ్ళ పిచ్చి పట్టింది. చదువు ఆ తర్వాతి మాట.

వరంగల్‌లో ఇంజనీరింగు చేరతానంటే, అదీ సివిల్ అంటే, చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ఆడపిల్లకు ఇటుకల చదువేమిటని ఒక పెద్దమనిషి మా వాకిట్లోనే కూర్చుని అడిగాడు. “ఇంట్ల ఉండేది ఆడోళ్ళే గద, ఇల్లు కట్టుడు వాళ్ళకు తెల్వకపోతె ఎవలకు తెలుస్తది?” అన్నాడు బాపు. ఆ ఒక్క మాటకు ఆయన చేసిన మిగతా మొండి పనులన్నీ మాఫీ చేయొచ్చు. చేయలేదు గానీ, చేయొచ్చు.

అక్కడ మాకు ఒక సారు ఉండేవారు. కట్టడాల్లో శబ్దం ఎట్లా పుడుతుంది, గోడలకు ఎట్లా తగులుతుంది, ఎంతసేపటికి పోతుంది అన్నదే ఆయన లోకం. చివరి సంవత్సరం నాకు ఆ పనే ఇచ్చారు. చప్పట్లు కొట్టి అది చచ్చిపోయేదాకా టేప్‌రికార్డర్‌లో పట్టడం. మానుకోట మామను బతిమాలి ఆయన టేప్‌రికార్డర్ తెచ్చుకున్నాను. జనగామ సినిమా హాలు, మానుకోట స్టేషను, మా ఊరి పాత బడి, అన్నిచోట్లా చప్పట్లు కొట్టాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు జనం. ఆడపిల్ల ఒక్కతే తిరగొద్దని బాపు నాతో వచ్చేవాడు, ఆయన్నీ అలాగే చూశారు.

డోర్నకల్‌లో పాత చర్చికి కూడా పోయాం. రైలు దిగి, ఎండలో నడిచి, చెప్పులు బయట విడిచి లోపలికి అడుగు పెడితే ఒళ్ళంతా చల్లబడింది. లోపల ఎవరూ లేరు. నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పుడు రాతి స్తంభాల మధ్య తిరిగి, పైకి పోయి, ఎక్కడో ఆగి ఆలోచించి, తీరికగా కిందికి వచ్చింది. బాపు అంతసేపూ కప్పు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఉన్నట్టుండి నెమ్మదిగా “అక్కా” అన్నాడు. ఆ పిలుపు ఆ పెద్ద హాలులో చాలాసేపు ఉంది. నేను టేపు ఆపలేదు.

ఇంటికి వచ్చి అది వినిపిస్తే అత్తమ్మ టేప్‌రికార్డర్‌ను తడిమి చూసి నవ్వింది. “గింత పెద్ద ఇంట్ల ఎవలుంటరే?”

“దేవుడుంటడట అత్తమ్మా.”

“అయ్యో, మరి ఆయనకు దారెట్ల దొరుకుతది? అన్ని దిక్కులకెల్లి ఒక్కతీర్గ ఇనవడవట్టె” అంది. అందరం నవ్వాం. బాపు అందరికన్నా ఎక్కువ నవ్వాడు.

చదువు అయ్యాక నాకు భూపాలపల్లి దిక్కు ఉద్యోగం వచ్చింది. అడవి నరికి, బొగ్గు పనికి వచ్చేవాళ్ళ కోసం వరసలు వరసలుగా క్వార్టర్లు కడుతున్న రోజులు. నేను అక్కడ సిమెంటు బస్తాల మధ్య ఉండగానే ఇక్కడ బాపు పాత ఇల్లు కూలగొట్టి కొత్తది లేపాడు. ఇంట్లో ఇంజనీరును పెట్టుకుని జనగామ మేస్త్రీతో కట్టించాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. చెప్పకుండా చూపించి మురిపించాలని అనుకున్నాడట. ఆ కోపం నాకు ఇంకా పోలేదు, పోదు కూడా.

కానీ ఆ ఇల్లు ఎవరి కోసం కట్టాడో చూస్తే తిట్టడానికి నోరు వచ్చేది కాదు. అక్క కాలికి తట్టుకుంటుందని లోపలి గదులకు గడపలే పెట్టనీయలేదు. గడప లేని గదులేమిటని అమ్మ ఏడ్చినంత పని చేసింది. అక్క కాళ్ళకు నున్నగా తగలాలని షాబాద్ బండలు పరిపించాడు, చేతికి గీరుకోకుండా గోడలకు అద్దంలా సిమెంటు గిలాబు చేయించాడు, చల్లగా ఉండాలని స్లాబు బాగా ఎత్తున పోయించాడు. ఆమెకు దేనికీ తగలకూడదని గుమ్మి, ఇసుర్రాయి, కుండల దొంతులు, గోలెం, నులక మంచాలు అన్నీ పసుల కొట్టంలోకి పంపేశాడు. చెప్పులు గేటు దగ్గరే విడవాలి, ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదు, అక్క పరేషాన్ కావద్దు. ఇవీ ఆయన హుకుములు. తాను కూడా కిర్రుచెప్పులు మాని కొత్త ఇంటికి తగ్గట్టు రబ్బరు చెప్పులు కొన్నాడు.

గృహప్రవేశం రోజు పాలు పొంగాక బాపు అక్క చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చి, “ఇగ తిరుగక్కా, నీకు ఏదీ అడ్డం రాదు” అని వదిలాడు. అత్తమ్మ చిటికె వేసింది. అది నాలుగు గోడలకూ తగిలి, స్లాబుకు తగిలి, ఒక్కసారే అన్ని వైపుల నుంచీ ఆమె మీద పడింది. ఆమె అక్కడే ఆగిపోయింది. మళ్ళీ వేసింది.

“తమ్మీ, గిదేంది రా? నన్ను బాయిల దింపినవా?”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నేను నవ్వలేదు, డోర్నకల్ చర్చిలో దేవుడికి దారి దొరకదన్న మాట గుర్తుకొచ్చింది.

దసరాకు కొద్ది వారాల ముందు సెలవు పెట్టి వచ్చేసరికి అత్తమ్మ తన గదిలో మంచం అంచున కూర్చుని ఉంది. ఒక చెయ్యి గోడకు ఆనించి పెట్టుకుంది. నుదుటి మీద బొప్పి కట్టిన దెబ్బ. తలుపు అంచు కొట్టుకుందని, సగం రోజులు అన్నానికి కూడా లేవడం లేదని అమ్మ చెప్పింది. జీవితమంతా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగిన మనిషి ఇప్పుడు స్నానాల గదికి పోవడానికి కూడా అమ్మను పిలుస్తోంది. చిటికెలు వేయడం మానేసింది. అది చూసి నాకు దుఃఖం ఆగలేదు.

నేను వచ్చిన రోజే ఆమె బాపును పిలిచి అడిగింది. “తమ్మీ, నన్ను కొట్టంల ఏయి రా. ఆడ పెంకలున్నయి. నా సామాన్లన్ని ఆడనే ఉన్నయి.”

బాపు ముఖం చిన్నబోయింది. “ఊరోళ్ళు ఏమంటరే అక్కా? తాను స్లాబింట్ల పండి, సాకిన అక్కను పసుల పక్కన పండవెట్టిండంటరు.”

“అననియ్యి. గీ ఇంట్ల నాకు నేనే దొర్కుతలేను. దసరా దాక సూస్త. ఆనక నువ్వు ఏసినా ఎయ్యకున్నా నేనే పోత.”

ఆమె అన్నదంటే చేస్తుంది. చేసిందంటే బాపు తట్టుకోలేడు. ఆయన తన బతుకులో అక్క కోసమని చేసిన ఒకే ఒక్క పెద్ద పని ఆ ఇల్లు. దసరాలోపు ఆ ఇంట్లో ఆమె తన కాళ్ళతో తాను నడవాలి. అది నా చేతుల్లో ఉందని నాకు అనిపించింది, చదువుకున్నాను కదా.

చదువు చెప్పిన పని చేశాను. కురుమ వాళ్ళ దగ్గర నల్ల గొంగళ్ళు తెచ్చి అన్ని గదుల గోడలకూ మేకులు కొట్టి వేలాడదీశాను. ప్రతిధ్వని పట్టున పడిపోయింది. అమ్మ మాత్రం కొత్త గోడలకు మేకులు చూసి నాతో మాట్లాడలేదు. గర్వంగా అత్తమ్మను హాల్లోకి తెచ్చాను. ఆమె చిటికె వేసి తల అడ్డంగా ఊపింది.

“మొన్న మొత్తుకున్నది, ఇయ్యాల నోరు మూసుకున్నది. మాట్లాడుతలేదు బిడ్డా.”

సెలవు అయిపోయి భూపాలపల్లి వెళ్ళాను, మనసు ఇక్కడే ఉంది. అక్కడ పూర్తయిన క్వార్టర్లు అప్పగించేముందు ఒక్కో ఇంట్లోకీ పోయి చూడాలి. అలవాటు కొద్దీ ఒక్కో గదిలో చప్పట్లు కొట్టేదాన్ని. అన్నీ ఒకే కొలతవి, ఒకే చప్పుడు, ఏ ఇంట్లో ఉన్నానో నాకే తెలిసేది కాదు. ఒకరోజు, మనుషులు చేరిన వరసలోకి నల్లా సంగతి చూడమంటే పోయాను. ఒక ఇల్లాలు కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. ఆమె ఇంట్లో కుట్టుమిషను, చుట్టూ బట్టల కుప్పలు. ఆమె మాట మెత్తగా, దగ్గరగా వినబడింది. పక్కింట్లో ఇత్తడి బిందెల వరస, అక్కడ మాట్లాడితే బిందెలు కూడా కలిసి పలికాయి. మూడో ఇంట్లో కట్టెల మోపులు, ఒక మేక. అన్నీ నేను చూస్తుండగా కట్టిన గోడలే. కళ్ళు మూసుకుని విన్నా ఇప్పుడు ఏది ఎవరి ఇల్లో చెప్పేయగలను. చాయ్ చల్లారిపోయింది, ఆమె మళ్ళీ వేడి చేసి తెచ్చేదాకా నేను అలాగే కూర్చున్నాను.

బాపు అక్క దారికి అడ్డమని తీసేసినవే ఆమెకు దారి. నేను అన్ని గదులకూ ఒకే లెక్కన గొంగళ్ళు కట్టి మళ్ళీ అన్నిటినీ ఒక్కలా చేశాను. ఎవరి ప్రేమ వాళ్ళు ఆమె మీద వేశాం, ఆమె సామాను మాత్రం ఆమెకు ఇవ్వలేదు.

దసరాకు ముందే వచ్చి పడ్డాను. బాపుతో పోట్లాడాల్సి వస్తుందని దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను గానీ అవసరం పడలేదు. నేను చెబుతుంటే ఆయన సగంలోనే లేచి పాలేరును పిలిచాడు. గుమ్మి తెచ్చి పెద్ద గదిలో పెట్టించి వడ్లు నింపించాడు. కుండల దొంతులు వంటింట్లోకి వచ్చాయి. గోలెం దాని మూలకు, దాని కింద చెంబు. నులక మంచం వసారాలోకి. గొంగళ్ళు తీసి ఒక్క అత్తమ్మ గదిలోనే ఉంచాను. ఇసుర్రాయిని మాత్రం బాపు తానే దొర్లించుకొచ్చాడు. కొత్త బండల మీద గీతలు పడ్డాయి, ఆయన చూడనట్టే ఊరుకున్నాడు.

అత్తమ్మ గుమ్మంలోకి వచ్చి చిటికె వేసింది. ఆగింది. రెండడుగులు వేసి మళ్ళీ వేసింది.

“గుమ్మి నిండ పోసిండ్రు” అంది.

చిటికెలు ముందు, ఆమె వెనక. వంటింట్లోకి పోయింది, దొంతుల హుమ్మనే చప్పుడు విని తల పంకించింది, గోలెం దగ్గర ఆగి నీటిచుక్క పడేదాకా నిలబడింది, వసారాలోకి పోయి వచ్చింది. తిరిగి వస్తుంటే ఆమె ముఖం నేను చిన్నప్పుడు చూసిన ముఖంలా ఉంది. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, మేకుల సంగతి మరిచిపోయి నా భుజం పట్టుకుంది.

అయితే ఆ సాయంత్రం అన్నం వేళకు అత్తమ్మ ఇసుర్రాయి దగ్గర నుంచి లేవలేదు. అమ్మ పిలిచింది. “రానియ్యి” అంది. ఇంకాసేపటికి మళ్ళీ పిలిచింది. అత్తమ్మ గేటు వైపు చెవి పెట్టి, “తమ్ముడు ఇంక రాకపాయె” అంది.

బాపు ఆమెకు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వచ్చి చాలాసేపైంది. రబ్బరు చెప్పులు గేటు దగ్గర విడిచి, ఒట్టి కాళ్ళతో బండల మీద నడిచి వచ్చి, అక్కను కదిలించకూడదని మెల్లగా కూర్చున్నాడు. ఈ ఇంట్లో ఇన్నాళ్ళుగా ఆమె అన్నానికి ఎందుకు లేవదో, సగం రోజులు పస్తులెందుకు పడుకుంటుందో అప్పుడు మాకు తెలిసింది. దెబ్బ నొప్పి అనుకున్నాం, అలక అనుకున్నాం.

“ఈడనే ఉన్ననే అక్కా” అన్నాడు బాపు.

ఆమె ఉలిక్కిపడింది. “ఎప్పుడచ్చినవ్ రా? గాలి లెక్క తిరుగుతున్నవ్.”

తెల్లారి బాపు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి కొడకండ్ల పోయాడు. మా ఊళ్ళో కిర్రుచెప్పులు కుట్టేవాళ్ళు అప్పటికి మానేశారు, అక్కడ ఒక ముసలాయన ఇంకా కుడుతున్నాడని ఎవరో చెప్పారట. రెండు రోజులు అక్కడే చుట్టాలింట్లో ఉండి, కుట్టించుకుని తొడుక్కుని వచ్చాడు. సందు మలుపులోనే ఆ కిర్రు కిర్రు వినబడింది. ఇసుర్రాయి ఆగింది. గేటు దాటింది చప్పుడు, వాకిలి దాటింది, పెద్ద గుమ్మం దగ్గర ఆగింది. లోపల దేవుడి గూడు ఉంది. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.

“చెప్పులతోని ఇంట్లకా?” అంది అమ్మ. ఆ ఇంట్లో చెప్పులతో లోపలికి వచ్చినవాళ్ళు అంతవరకు లేరు.

“గజ్జెలు ఇప్పి దాస్తె అక్క ఎంత ఏడ్సిందో నాకెర్కే” అన్నాడు బాపు. గజ్జెల మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు.

ఆయన లోపలికి వచ్చాడు. అమ్మ కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత తానే ఒక దారి చూసింది. పొలానికి రబ్బరువి, ఇంట్లోకి ఇవి, రోజూ అడుగులు తుడవాలి, దేవుడి గూడు ఛాయలకు పోకూడదు. బాపు ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో ఎక్కడున్నాడో వీధికంతా తెలిసేది. వచ్చిపోయే చుట్టాలు నవ్వేవారు. పెద్దమనిషికి కొత్తింటి మదం ఎక్కిందని కూడా అన్నారు. ఆయన పట్టించుకోలేదు. అత్తమ్మ వేళకు తినేది. కొట్టం మాట మళ్ళీ ఎత్తలేదు.

సెలవులకు వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం నేను టేప్‌రికార్డర్ ఆన్ చేసి హాలు మధ్యలో పెట్టి పక్కనే చాప మీద పడుకున్నాను. ఇసుర్రాయి, నీటిచుక్క, చిటికెలు, ఆ గదిలోంచి ఈ గదిలోకి కిర్రు కిర్రు. అందరూ ఒకరినొకరు వింటూ తిరుగుతున్నారు. పాత ఇల్లు లేచి వచ్చి ఈ ఇంట్లో కూర్చున్నట్టనిపించి హాయిగా నిద్రపోయాను. ఆ టేపు తర్వాత తడిసి పాడైంది, అయినా నాకు మొత్తం గుర్తుంది.

ఎనభైలు అయిపోవస్తుండగా అత్తమ్మ పోయింది. జబ్బేమీ లేదు, దవాఖానకు తీసుకుపోయే పని పడలేదు. మధ్యాహ్నం ఇసుర్రాయి ఆగింది, అంతే. నేను భూపాలపల్లి నుంచి వచ్చేసరికి ఇల్లు నిండా మనుషులున్నారు, ఒక్క చప్పుడూ సరైన చోట లేదు.

కర్మకాండలన్నీ ముగిసి చుట్టాలు వెళ్ళిపోయారు. ఆ మర్నాటి సాయంత్రం బాపు మొదటిసారిగా పొలం పోయి వచ్చాడు. గేటు దగ్గర రబ్బరు చెప్పులు విడిచాడు. కిర్రుచెప్పులు గుమ్మం పక్కన ఎప్పటిచోటే ఉన్నాయి. వాటిని చూసి, దాటి, ఒట్టి కాళ్ళతో లోపలికి అడుగు వేయబోయాడు. ఇక వాటితో పనేముంది.

అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. దేవుడి గూడు ముందు చెప్పులేమిటని అన్నేళ్ళుగా సణిగిన మనిషి.

“ఏస్కొని రా” అంది.

బాపు ఆమె వంక చూశాడు. వెనక్కి తిరిగి చెప్పులు తొడుక్కున్నాడు. కిర్రు కిర్రుమంటూ హాలు దాటి, గుమ్మి పక్క నుంచి, అత్తమ్మ గది దాకా నడిచి, అక్కడ నిలబడ్డాడు. అచ్చినవా అని అడిగే గొంతు లేదు. గోలెం నుంచి చుక్క ఒకటి పడింది. ఇంకొకటి పడేదాకా ఆగి, ఖాళీ మంచం వైపు చూస్తూ ఆయనే అన్నాడు.

“అచ్చిన్నే అక్కా.”

అమ్మ కంచం పెట్టింది. ఆయన వచ్చి తిన్నాడు.